నాసి అంగీకే ఎక్కువ ధర!

అమెరికాలో పాత ప్లాస్టిక్ బొమ్మలు లక్షలు పలుకుతున్నాయి. 1977లో వచ్చిన ‘స్టార్ వార్స్’ సినిమా పాత్రల పేరిట కెన్నర్ కంపెనీ చేసిన బొమ్మలివి. ఎత్తు జానెడు కూడా ఉండదు. ఆ క్రిస్మస్‌కు బొమ్మలు సిద్ధం కాక కంపెనీ అట్ట కవరులో చీటీ పెట్టి అమ్మింది. చీటీ పంపిన పిల్లలకు మరుసటి ఏడాది బొమ్మలు పోస్టులో అందాయి!

వీటిలో ‘జావా’ అనే మరుగుజ్జు బొమ్మకు మొదట రెక్సిన్‌లాంటి ప్లాస్టిక్ అంగీ తొడిగారు. అది చవకబారుగా ఉందని కంపెనీయే గుడ్డ అంగీకి మారింది. నేడు ఆ చవకబారు అంగీ ఉన్న బొమ్మకే గిరాకీ. కారణం, అవి కొన్నే ఉండటం. పిల్లలకు ప్రమాదమని అమ్మకానికే పెట్టని రాకెట్ ‘బోబా ఫెట్’ నమూనా ఒకటి 2024లో వేలంలో 5 లక్షల డాలర్లు దాటింది. ధరను చూసి పనితనాన్ని అంచనా వేయడం పొరపాటు.

మోసగాళ్లు ఊరుకుంటారా? వేరే బొమ్మల అంగీలు కత్తిరించి జావాకు తొడుగుతున్నారు. కాలిపై అచ్చయిన సంవత్సరం చూసి మురిసిపోవడమూ తగదు. అది హక్కుల సంవత్సరమే తప్ప తయారైన సంవత్సరం కాదు. తెల్ల ప్లాస్టిక్ పచ్చబడిందా, కీళ్లు వదులయ్యాయా, చేతిలోని తుపాకీ అసలుదేనా అన్నవి ముందు చూడాలి. అట్ట విప్పనిదైతే ధర మరింత ఎక్కువ. పిల్లలు ఆడని బొమ్మకే విలువ అనడం విడ్డూరమే!

అమెరికాలోని బంధువుల ద్వారా ఇలాంటివి తెప్పించుకోదలచినవారు అంగీ అంచులు, కాళ్ల కీళ్లు దగ్గరగా తీసిన ఫొటోలు చూడనిదే డబ్బు పంపరాదు.