మా వీధి కబుర్లు: పాటకొక గ్లాసు మజ్జిగ

కత్తిరి వచ్చింది.

మద్రాసులో స్థిరపడిన తెలుగువాళ్ళకి ఎండాకాలం విషయంలో ఒక విశేషం వుంది. మనకి రెండు పంచాంగాల ఎండ. మే నెల 4 వ తేదీ ప్రాంతాన అగ్నినక్షత్రం మొదలైందని మా పక్కింటి మామి గొడుగు పైకి తీస్తుంది. 28 వ తేదీ వచ్చేసరికి అది వెళ్ళిపోయిందని మళ్ళీ మడిచి అటక మీద పడేస్తుంది. మనం మాత్రం మడవడానికి లేదు. అప్పటికి మన రోహిణి కార్తె వచ్చి మూడు రోజులై వుంటుంది. రోళ్ళు పగిలే ఆ ఎండ జూన్ మొదటి వారం దాటేదాకా మనదే. తమిళుల ఎండ తమిళులతో కలిసి భరించి, తెలుగువాళ్ళ ఎండ మనం విడిగా భరించాలన్నమాట. రెండు భాషలు వచ్చినందుకు ఇది అదనపు జీతం.

ఊరి పేరు 1996 లో చెన్నై అయింది గాని, మా అమ్మ నోట ఇప్పటికీ చెన్నపట్నమే. ఈ చెన్నపట్నంలో ఎండని కొలవడానికి ధర్మామీటరు అక్కర్లేదు. గాలి ఎన్నింటికి తిరిగిందని అడిగితే చాలు. పొద్దుటినుంచీ నేల తొందరగా కాగిపోతుంది, సముద్రం నిదానం మనిషి, అంత తొందరగా వేడెక్కదు. నేల మీది గాలి తేలికై పైకి పోతే ఆ ఖాళీలోకి సముద్రపు గాలి వస్తుంది. అది పన్నెండింటికో ఒంటిగంటకో వచ్చిందా, ఆ రోజుకి బతికిపోయాం. పడమటి గాలి బలంగా వీచి దాన్ని ఒడ్డు దగ్గరే నిలబెట్టేసిందా, ఇక అంతే. 2003 మే 31 న నుంగంబాకంలో 45 డిగ్రీలు నమోదైంది. ఆ రోజు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి మాంబళం స్టేషనులో దిగితే, మెట్ల పక్కనున్న ఇనుప కమ్మీ మీద చెయ్యి ఆనలేదు.

పాతకాలం వాళ్ళు గాలినీ పాటనీ విడదీసి చూడలేదనిపిస్తుంది. 1930 లో ఈ ఊళ్ళో రేడియో ప్రసారాలు నడిపింది మద్రాసు కార్పొరేషను వారు. ఇంటింటా రేడియో లేని రోజులు కనక, మెరీనాలోనూ పార్కుల్లోనూ లౌడుస్పీకర్లు పెట్టి వినిపించేవారు. గాలికోసం పోయినవాడికి పాట, పాటకోసం పోయినవాడికి గాలి. 1938 జూన్ 16 న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రం వచ్చింది. 1948 డిసెంబరు 1 న బెజవాడ కేంద్రం పెట్టేదాకా తెలుగు పాటలకి, నాటకాలకి మద్రాసు రేడియోయే పెద్ద దిక్కు. మా చిన్నతనంలో కూడా ఎండాకాలం రాత్రుళ్ళు పడక మేడమీదే. నీళ్ళు చల్లి చాపలు పరిచేవాళ్ళం. ఆ మేడ మీద ఒక రేడియో పెడితే నాలుగిళ్ళవాళ్ళకి సరిపోయేది. ఇప్పుడు నాలుగిళ్ళకీ ఏసీలొచ్చాయి, కిటికీలు మూసుకున్నాం, ఎవరి పాట వారి చెవిలోనే. ఏసీని నేను తిట్టడం లేదు సుమండీ. మా ఇంట్లోనూ వాయిదాల మీద ఒకటి కొన్నాం. ఎందుకు కొన్నామో చెప్పడానికే ఈ నెల ఈ కబుర్లు.

మా అమ్మకి ఈ ఏడు 78 ఏళ్ళు. క్రిందటేడు రోహిణి కార్తెలో ఒక మధ్యాహ్నం వంటింటి గడప మీద కూలబడిపోయింది. నేను ఆఫీసులో వున్నాను. మా ఆవిడ ఫోను చేసి "ఏవండీ, అత్తయ్యగారు పిలిస్తే సరిగా పలకడం లేదు, మీరు వెంటనే రండి" అంది. బీచి స్టేషను నుంచి మాంబళం దాకా ఆ రైలు ప్రయాణం ఎంతసేపు పట్టిందో నాకు తెలియదు. ఇంటికి చేరేసరికి మా వీధి డాక్టరుగారు వచ్చి, సెలైను ఎక్కించి, కూర్చున్నారు.

"ఒంట్లో నీళ్ళు లేవండీ" అన్నారాయన. "పెద్దవాళ్ళకి దాహం తెలియడం తగ్గిపోతుంది. అడిగితే ఇద్దాంలే అని మీరు కూర్చుంటే ఆవిడ అడగరు. గంటగంటకీ చేతికివ్వండి."

ఎండదెబ్బ అంటే ఏదో పొలంలో పనిచేసేవారికి వచ్చేదనుకునేవాణ్ణి. 2015 మే నెలలో ఆంధ్ర, తెలంగాణాల్లో ఎండకి వెయ్యిమందికి పైగా పోయారని పేపర్లో చదివినప్పుడు కూడా, అది ఎక్కడో జరిగిన సంగతిగానే చదివాను. అది మా వంటింటి గడప దాకా వచ్చాక గాని బుద్ధి రాలేదు.

సరే, ఏసీ వచ్చింది. ఇక నీళ్ళ సంగతి. డాక్టరుగారు చెప్పినంత సులువా? మా అమ్మకి గంటగంటకీ గ్లాసు అందిస్తే కోపం. "దాహం వేస్తే నేను తాగనూ? నేనేమన్నా చంటిపిల్లనా?" అనేది. మా అబ్బాయి తన ఫోనులో గంట పెట్టాడు. అది మోగగానే అమ్మ కళ్ళు మూసుకుని నిద్ర నటించేది. మా ఆవిడ బతిమాలింది, నేను కేకలేశాను. ఒకరోజు చూస్తే వరండాలో తులసికోట చుట్టూ తడి. ఆవిడ వంతు నీళ్ళన్నీ తులసమ్మ తాగుతోంది! ఆ ఎండల్లో మా ఇంట్లో పచ్చగా వున్నది ఆ మొక్క ఒక్కటే.

ఈ సంగతి ఇక్కడ ఆపి గ్రామఫోను సంగతి చెప్పాలి. రెండింటికీ సంబంధం వుంది.

మా నాన్నగారు ఇక్కడ ఒక తెలుగు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. మూర్ మార్కెట్టులో పాత సామాన్ల దుకాణంలో ఒక గ్రామఫోను, పెట్టెడు రికార్డులు కొన్నారు. ఆ మార్కెట్టు 1985 లో కాలిపోయింది గాని పెట్టె మాత్రం మా ఇంట్లో భద్రంగా వుంది. తాళం తిప్పి నడిపే యంత్రం, కరెంటుతో పని లేదు. రికార్డు నిమిషానికి 78 చుట్లు తిరుగుతుంది. వైపుకి మూడు నిమిషాల చిల్లర పాట. అది అవగానే రికార్డు తిరగెయ్యాలి, ముల్లు మార్చాలి, తాళం తిప్పాలి. ఆ సందులో అమ్మ వంటింట్లోంచి నాన్నగారికి ఒక గ్లాసు మజ్జిగ, తనకొక గ్లాసు తెచ్చుకునేది. ఎండాకాలం ఆదివారాలు అలా గడిచేవి.

అందరికీ ఇష్టమైనది ఘంటసాలవారి పుష్పవిలాపం. కరుణశ్రీగారి పద్యాలు. తెంపవద్దని పువ్వులు మొర పెట్టుకునే పద్యాలవి. మన ఊళ్ళో ఎండాకాలమంటే మల్లెపూల కాలం కదా. అమ్మ పళ్ళెం నిండా మొగ్గలు పోసుకుని మాల కడుతూ వుంటే నాన్నగారు కావాలని ఆ రికార్డే పెట్టేవారు. అమ్మ దారం పక్కన పెట్టేసి, రెండు వైపులా అయిపోయేదాకా పువ్వు ముట్టుకునేది కాదు. పద్యం కాగానే కళ్ళు తుడుచుకుని, మళ్ళీ దారం తీసి చకచకా కట్టేసేది.

1989 వేసవిలో నాకు పదేళ్ళు. రికార్డుల దుకాణం ఆట ఆడదామని ఆ పెట్టె మేడమీదికి మోసుకుపోయి, పుష్పవిలాపాన్ని పిట్టగోడ మీద అందంగా నిలబెట్టి, అమ్మ పిలిస్తే అన్నానికి వెళ్ళిపోయాను. ఆ రికార్డులు లక్కతో చేసినవని నాకేం తెలుసు? లక్కకి ఎండ పడదు. తిరిగి వచ్చేసరికి నూనెలో వేసిన అప్పడంలా అంచు లేచిపోయి వుంది. ఆ మధ్యాహ్నమంతా నీళ్ళ తొట్టి వెనకాల దాక్కున్నాను.

నాన్నగారు కొట్టలేదు. "ఎండ చేసిన తప్పు ఎండ చేతనే దిద్దించాలిరా" అన్నారు. మర్నాడు రెండు అద్దపు పలకల మధ్య రికార్డు పెట్టి, కాసేపు ఎండ తగలనిచ్చి, అది మెత్తబడుతూ వుండగా నీడకి తెచ్చి, పైన శబ్దరత్నాకరం బరువు పెట్టారు. రెండు రోజులు అలాగే వుంచారు. అంచు చాలావరకు సర్దుకుంది. ఒక్క చోట మాత్రం చిన్న అల మిగిలిపోయింది. ముల్లు అక్కడికి వచ్చినప్పుడల్లా పైకి లేచి దిగేది, ఘంటసాలవారి గొంతు కాస్త ఊగేది. నాన్నగారు ఆ చోటు రాగానే నా వంక చూసి నవ్వేవారు. ఆయన పోయి 11 ఏళ్ళయింది. పెట్టె బీరువా మీద దుమ్ము పట్టి వుంది. పాత సామానువాడికి ఇచ్చేద్దామని మా ఆవిడ రెండుసార్లు అంది, నేను రేపు రేపు అన్నాను.

ఈ నెల మొదట్లో ఒక ఆదివారం మా అబ్బాయి నానమ్మకి తోచడం లేదని తన ఫోనులో పుష్పవిలాపం వెతికి పెట్టాడు. అమ్మ విన్నది. "బాగానే వుంది గాని ఆ ఊపేదిరా? ఇది మన పాట కాదు" అంది. పాట ఆగింది. గదిలో నిశ్శబ్దం. అమ్మ వంటింటి వంక చూసి "అమ్మాయ్, మజ్జిగ పట్రా. రికార్డు తిరగేస్తారు" అంది.

మా ఆవిడ నా మొహం చూసింది. ఏమీ అనకుండా లోపలికి వెళ్ళి రెండు గ్లాసులు తెచ్చింది. అమ్మ ఒకటి నాన్నగారి కుర్చీ పక్కనున్న పీట మీద పెట్టి, రెండోది తాను గటగటా తాగేసింది. మతి తప్పిందేమోనని నాకు గుండెలో రాయి పడింది. అది గ్రహించి ఆవిడే అంది: "ఆయన లేరని నాకు తెలుసులేరా. నీళ్ళ దాహం తెలియడం లేదు గాని, పాట ఆగితే మాత్రం నోరెండిపోతుంది. ఏం చెయ్యను, అలవాటు."

ఆ రోజునుంచి మా ఇంట్లో వైద్యం మారింది. కేకలు లేవు, గంటలు లేవు. పొద్దున్న రెండు పాటలు, మధ్యాహ్నం మూడు, సాయంత్రం గాలి తిరిగాక కిటికీలు తెరిచి మరో రెండు. పాట ఆగగానే గ్లాసు. అన్ని రోజులూ సాగుతుందని చెప్పను. మొండికేసిన రోజులూ వున్నాయి. కాని తులసికోట దగ్గర తడి మాత్రం తగ్గింది.

మజ్జిగ ఎలాగో ఇల్లాళ్ళకి నేను చెప్పక్కర్లేదు గాని, మా ఇంటి లెక్క ఇది: ఒక వంతు పెరుగుకి నాలుగు వంతుల నీళ్ళు, కాస్త ఉప్పు, నలిపిన అల్లం, చిటికెడు ఇంగువ, దొరికితే ఒక దబ్బాకు. రక్తపుపోటు, గుండె, మూత్రపిండాల జబ్బు వున్నవాళ్ళయితే ఉప్పూ నీళ్ళూ ఎంతో డాక్టరుని అడిగి ఇవ్వండి. ఒళ్ళు కాలిపోతూ మాట తడబడితే మాత్రం మజ్జిగా వద్దు, పాటా వద్దు. నీడకి చేర్చి, ఒంటిమీద తడిబట్ట వేసి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో ఏదీ పొయ్యకండి.

మొన్న గురువారం రాత్రి మా వీధిలో కరెంటు పోయింది. తొమ్మిదైంది, పదైంది, రాలేదు. ఏసీలు ఆగిపోగానే మూసుకున్న కిటికీలన్నీ ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అందరం మెట్ల మీదికి, అరుగు మీదికి చేరాం. పక్కింటి మామి తాటాకు విసనకర్ర తెచ్చుకుంది. మా అబ్బాయి ఫోనులో ఛార్జి అయిపోయింది. అమ్మ ఉక్కపోతకి చెమటలు కక్కుతూ కూర్చుంది, గ్లాసు ఇస్తే వద్దంది.

అప్పుడు మా ఆవిడకే తోచింది. "ఏవండీ, ఆ పెట్టె దింపండి" అంది. దుమ్ము దులిపాం. అడుగున కాగితం పొట్లంలో నాన్నగారు దాచిన ముళ్ళు ఇంకా నాలుగున్నాయి. తాళం మా అబ్బాయి తిప్పాడు. మొదట గరగరమంది, తరవాత ఘంటసాలవారి గొంతు చీకట్లో వీధి మొగదాకా వినబడింది. మామికి తెలుగు రాదు. "ఎవరు పాడుతున్నారో, ఏడిపిస్తున్నాడే" అంది తమిళంలో. ఊపు వచ్చే చోటు నాకు తెలుసు. అమ్మ కూడా దానికోసమే ఎదురుచూస్తోంది. గొంతు ఊగింది. "ఆఁ, ఇదీ మన పాట" అంది అమ్మ.

రికార్డు తిరగెయ్యడానికి నేను లేచాను. తాళం తిప్పి వెనక్కి చూస్తే అమ్మ చేతిలో గ్లాసు ఖాళీ అయివుంది. కరెంటు పదకొండున్నరకి వచ్చింది. రెండో వైపు ఇంకా కొంచెం వుంది కనక ఎవరూ లోపలికి వెళ్ళలేదు.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళుంటే, ఏ వేళకి ఏం తాగడం వాళ్ళకి పాత అలవాటో ఒకసారి అడిగి చూడండి. కాఫీ తరవాతనో, పూజ తరవాతనో, పేకాటలో ఒక ఆట ముగిశాకనో, ఏదో ఒకటి వుండే వుంటుంది. వచ్చే నెలకి రోహిణి వెళ్ళిపోయి మృగశిర వస్తుంది. నాలుగు చినుకులు పడితే ఆ కబుర్లు అప్పుడు చెప్పుకుందాం.