తెగేదాకా ఆగొద్దు

కారు కొని ఎనిమిదేళ్లు. తిరిగింది 35 వేల కిలోమీటర్లే. ఇంకా కొత్తదేగా అనుకుంటారు చాలామంది. టైమింగ్ బెల్టుకు ఆ లెక్క కుదరదు. అది రబ్బరుది. బండి తిరగకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగుళ్లిస్తుంది.

ఇంజిన్‌లో క్రాంక్‌షాఫ్ట్ తిరుగుడును క్యామ్‌షాఫ్ట్‌కు అందించేది ఈ బెల్టే. వాల్వులు సమయానికి తెరుచుకుని మూసుకునేది దీనివల్లే. నడుస్తుండగా తెగితే ఇంజిన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. చాలా ఇంజిన్లలో, ముఖ్యంగా డీజిల్ వాటిలో, పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి. బెల్టుతో పోయే ఖర్చు ఇంజిన్ విప్పేదాకా వెళుతుంది.

తెగేముందు చప్పుడు వస్తుందన్న నమ్మకం లేదు. కాబట్టి కారుతో ఇచ్చిన పుస్తకంలోని గడువే ప్రమాణం. కిలోమీటర్లు, ఏళ్లు... ఏది ముందైతే అది. చాలా కార్లకు 60 వేల నుంచి లక్ష కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఆయిల్ కారి బెల్టు తడిస్తే గడువుదాకా ఆగకూడదు. టెన్షనర్‌నీ, ఈ బెల్టుతోనే తిరిగేదైతే వాటర్‌పంపునీ అప్పుడే మార్పిస్తే రెండోసారి విప్పే కూలి మిగులుతుంది.

సెకండ్‌హ్యాండ్ కారు కొన్నారా? బెల్టు మార్చిన బిల్లు లేకపోతే ముందు ఆ పని చేయించండి. పైకి కనిపించే ఫ్యాన్ బెల్టు మారిస్తే ఇది మార్చినట్టు కాదు.

అన్నట్టు, అన్ని కార్లకూ బెల్టు ఉండదు. మారుతి 800లో బెల్టు, స్విఫ్ట్ 1.3 డీజిల్‌లో చెయిన్. మీ కారులో ఏదుందో ఈసారి సర్వీసింగ్‌లో అడిగి తెలుసుకోండి.