వాడ మాట - 23: నోటు తీసుకోని టికెట్ మెషిను



ఈసారి రైల్వే స్టేషన్ గురించి. ఇది కూడా ఒక సమస్యేనా అంటారు కొందరు. జనరల్ బోగీ ఎక్కని వాళ్లకి కాదు మరి.

పెద్ద స్టేషన్లలో కౌంటర్ల పక్కన ఏటీవీఎం అని టచ్ స్క్రీన్ మెషిన్లు నిలబెట్టారు కదా. జనరల్ టికెట్లిస్తాయి. స్మార్ట్ కార్డు ఉండాలి, లేదా ఫోన్‌తో క్యూఆర్ కోడ్ స్కాన్ చెయ్యాలి. నేను చూసిన ఏ మెషినూ నోటు తీసుకోలేదు. రిజర్వు బ్యాంకు గవర్నరు సంతకం పెట్టిన వంద నోటు, రైల్వే పెట్టిన మెషిన్లో చెల్లదన్నమాట.

"మెషిన్‌కి కులం ఉండదు కదా సార్, మనకి మంచిదే" అన్నాడు మా కాలేజీలో ఒక మిత్రుడు. రైలు విషయంలో ఆ మాటకి కొంత చరిత్ర ఉంది. 1901లో చిన్నపిల్లాడిగా ఉన్న బాబాసాహెబ్ అన్నతో, మేనల్లుళ్లతో కలిసి తండ్రి దగ్గరికి రైల్లో బయల్దేరారు. రైలెక్కడానికి టికెట్టు చాలింది. మసూర్ స్టేషన్లో దిగి, మహర్ పిల్లలమని చెప్పాక స్టేషన్ మాస్టరు ముఖం మారింది. ఎద్దుబళ్లవాళ్లు ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకడు ఒప్పుకున్నాడు, అదీ బండి పిల్లలే తోలుకోవాలి, తాను పక్కన నడుస్తాడట. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాశారు ఇదంతా.

అంటే ఆ రోజుల్లో కూడా టికెట్టుకి డబ్బుంటే సరిపోయింది. ఇప్పుడు డబ్బున్నా సరిపోవడం లేదు. స్మార్ట్ ఫోను కావాలి, బ్యాంకు ఖాతా కావాలి, ఇంగ్లీషు అక్షరాలు కావాలి, వెనక నిలబడి "త్వరగా కానీ" అని గొణిగే వాళ్లని తట్టుకునే ధైర్యం కావాలి. వీటిలో ఏది మన వాడలకి తరాలుగా అందింది?

సంక్రాంతి దాటాక ఆదోని, కోసిగి వైపు నుంచి గుంటూరు మిరప కోతలకి కుటుంబాలకి కుటుంబాలే వస్తాయి. దారిలో ఒక జంక్షన్లో అలాంటి వాళ్లని చూశాను. ఇద్దరు ఆడవాళ్లు, ఒక ముసలాయన, ముగ్గురు పిల్లలు, మూటలు. రెండు కౌంటర్లలో ఒకటే తెరిచి ఉంది. లైను బయటదాకా ఉంది. ఎవరో "మెషిన్ ఉందిగా, అక్కడికి పోండి" అని తరిమారు.

తెలుగు నొక్కితే తెర మీద 'గమ్యస్థానం' అని వచ్చింది. ఆమె కాస్త చదవగలదు. కూడబలుక్కుని చదివి, "యాడికి పోతావని అడుగుతాందా అన్నా ఇది?" అంది. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినవాడిగా చెప్తున్నా, ఆమె మాటే సరైన తెలుగు. తర్వాత స్టేషన్ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి, లేదా కోడ్ తెలియాలి. గుంటూరు అయితే జీఎన్‌టీ. విజయవాడకి ఇప్పటికీ బీజెడ్‌ఏనే, పాత బెజవాడ నుంచి వచ్చింది. (సికింద్రాబాద్ కోడ్ ఎస్‌సి. నవ్వుకోండి.) ఆ తర్వాత 'పిల్లలు ఎంతమంది' అంది మెషిను. రైల్వే లెక్కలో 5 ఏళ్ల నుంచి 12 నిండనివాళ్లకే సగం టికెట్టు, 5 లోపు వాళ్లకి టికెట్టే అక్కర్లేదు. తెర మీద ఆ మాట లేదు. కౌంటర్లో మనిషైతే కిటికీలోంచి పిల్లల్ని చూసి లెక్క చెప్పేస్తాడు.

చివరికి డబ్బు. కొంగుముడి విప్పింది, ఎక్కడ పెట్టాలో కనబడలేదు. అప్పటికే బండి వస్తోందని చెప్తున్నారు. ముసలాయన ఎక్కేద్దామన్నాడు. ఆమె ఒప్పుకోలేదు, పోయినేడు పడిన జరిమానా గుర్తుంది ఆమెకి. నా ఫోన్‌తో కట్టాను, నోట్లు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది. బండి అందింది. కానీ చేతిలో డబ్బున్న మనిషి టికెట్టు కొనుక్కోవడానికి నా దయ ఎందుకు కావాలి?

టికెట్టు లేకుండా దొరికితే రైల్వే చట్టం 138వ సెక్షన్ కింద ఛార్జీ కాక కనీసం 250 రూపాయలు అదనం. ఉపాధి హామీలో 2025-26కి మన రెండు రాష్ట్రాల్లో రోజు కూలి 307. ఒక మనిషి ఒక రోజు రెక్కల కష్టం దాదాపు అక్కడికక్కడే పోయినట్టు.

చాలా స్టేషన్లలో మెషిన్ పక్కన సహాయకుడు ఉంటాడు. ఎక్కువగా రిటైరైన రైల్వే ఉద్యోగులు, కమీషన్ మీద. నోటు తీసుకుని, తన కార్డుతో టికెట్టు తీసిస్తాడు. మెషిన్ వాడటానికి మనిషి కావాల్సి వస్తే, ఆ మనిషిని కౌంటర్లోనే కూర్చోబెట్టొచ్చుగా? కూర్చోబెట్టరు. కౌంటర్ కుర్చీ అంటే పర్మినెంట్ ఉద్యోగం, అందులో ఎస్సీ ఎస్టీలకి వాటా ఉంది. కమీషన్ మనిషికి రోస్టరు లేదు. ఈ సంగతి మన వాళ్లు కూడా ఎక్కువ మాట్లాడరు.

"చదువు రాకపోతే మెషిన్ ఏం చేస్తుంది, టీ కొట్టు దగ్గర ఫోన్‌పే వాడట్లేదా" అంటారు. సరే, టీ కొట్టు దగ్గరికే పోదాం. అక్కడ చిన్న డబ్బా డబ్బు పడగానే తెలుగులో గట్టిగా చెప్తుంది, మహేశ్‌బాబు గొంతుతో కూడా చెప్తుంది. అక్షరం రాని అమ్మ కూడా ఆ గొంతు నమ్మి టీ గ్లాసు అందిస్తుంది. వ్యాపారానికి ఆమె అవసరం, కాబట్టి ఆమెకి తగ్గట్టు చేశారు. రైల్వేకి ఆమె అవసరం అనిపించలేదు, అంతే.

మనం అడగాల్సినవి పెద్దవేం కావు. నోట్లు, పది రూపాయల బిళ్లలు తీసుకునే మెషిన్లు పెట్టండి. 'యాడికి' అని నోటితో అడిగి, నోటితో చెప్పింది వినేలా చెయ్యండి. అప్పటిదాకా బండి ఆగే ప్రతి స్టేషన్లో, అర్ధరాత్రి పాసింజరుకి కూడా, మనిషి కూర్చున్న కౌంటరు ఒకటి తెరిచి ఉంచండి.