ఎనిమిది స్పీకర్లున్నాయి, ఘంటసాలే లేడు

పోయిన సంక్రాంతికి కొత్త కారేసుకుని మా ఊరెళ్ళాను. మా ఊరంటే యర్రగొండపాలెం, మావాళ్ళ నోట్లో ఒట్టి పాలెం. హైదరాబాదు నుంచి సాగర్, మాచర్ల మీదుగా దారి. కారు ఏ కంపెనీదో అడక్కండి, ఇంకా నాలుగేళ్ళ ఈఎంఐ కట్టాలి :) పద్నాలుగు లక్షల చిల్లర అయింది. బ్రోచరులో "ఎనిమిది స్పీకర్ల ప్రీమియం సౌండ్" అని ఇంత లావు అక్షరాలతో ఉంటే, నేనూ అందరిలాగే మురిసిపోయి టిక్కు పెట్టేశాను.

కనుమ మర్నాడు నాన్నను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని మార్కాపురం చెన్నకేశవస్వామి గుడికి బయల్దేరాను. ఆయనకిష్టమని జయభేరి సినిమాలో ఘంటసాల కచేరీ పాట పెట్టాను. 1959 నాటి సినిమా, పెండ్యాల సంగీతం. మా ఇంట్లో ఆ పాట నేను పుట్టకముందు నుంచీ ఉంది. నాన్న కాసేపు విన్నాడు. తల పక్కకు వంచాడు. కాస్త ముందుకు వంగాడు. మళ్ళీ వెనక్కి ఆనుకున్నాడు. చివరికి, "చాల్లేరా అబ్బాయ్, ఆపెయ్. నాకు చెవులు పోయినట్టున్నయ్యి. మాట వినపడతంది గానీ గొంతు వినపడటంలా" అన్నాడు.

మా నాన్న గురించి ఒక ముక్క చెప్పాలి. ముప్పయ్యేళ్ళు పాలెంలో రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేశాడు. ట్రాక్టర్లకు డెక్కులు బిగించాడు. హెడ్డు అరిగిందో, బెల్టు సాగిందో, స్పీకర్ కాయిల్ రాసుకుంటోందో షాపు బయట నిలబడే చెప్పేవాడు. నన్ను ఈసీఈ చదివించింది ఆ చెవులే. నేను ఆ చదువు చదివి జావా రాసుకుంటున్నాననుకోండి, అది వేరే కథ. అలాంటి మనిషి దారి పొడుగునా మళ్ళీ పాట ఊసెత్తలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. వయసు మీద పడిందని ఆయన ఒప్పేసుకున్నాడని నాకు అర్థమైంది.

ఇంటికొచ్చాక అటక మీది పాత టూ-ఇన్-వన్ దింపి, ఫోన్‌ని దాని ఆక్స్ పిన్నుకి తగిలించి అదే పాట, అదే ఫైలు పెట్టాను. ఒక్క స్పీకరు. దుమ్ము. చెక్క బాడీకి ఒక మూల చెదలు. నాన్న కళ్ళు మూసుకుని చరణం మొత్తం విన్నాడు. పాట కింద వీణ ఎక్కడ మొదలైందో వేలితో చూపించాడు. "అయితే చెవులు బానే ఉన్నయ్యన్నమాట" అని లేచి వెళ్ళిపోయాడు.

నా కోపం అక్కడ మొదలైంది. ఒక మెకానిక్ తన చెవుల్ని తనే అనుమానించుకునేలా చేసిందండీ ఆ ఎనిమిది స్పీకర్ల ప్రీమియం సౌండు! అప్పట్నుంచి ఓ నెల రోజులు శని, ఆదివారాలు దీని మీదే కూర్చున్నాను. తెలిసిన కొద్దీ మంట ఎక్కువైంది.

ముందు ఆ ఎనిమిది లెక్క. నాలుగు తలుపుల్లో నాలుగు స్పీకర్లు. వాటికి తోడు రూపాయి బిళ్ళ కన్నా కాస్త పెద్ద ట్వీటర్లు నాలుగు. మొత్తం ఎనిమిది. ఇడ్లీ ప్లేటు తెచ్చి ఇడ్లీలు నాలుగు, చట్నీ గిన్నెలు నాలుగు, వెరసి ఎనిమిది ఐటమ్స్ అన్నట్టుంది. కొన్ని కింది వేరియంట్లలో అయితే తలుపుకి జల్లెడ ఉంటుంది, దాని వెనక ఏమీ ఉండదు. ఒట్టి బొక్క!

తర్వాత వాట్లు. స్టీరియోల మీద "50 వాట్లు x 4" అని చూసే ఉంటారు. కారు కరెంటు ఇంజన్ నడుస్తున్నప్పుడు సుమారు 14.4 వోల్టులు. స్పీకరు 4 ఓములు. విడిగా ఆంప్లిఫయర్ లేని కారులో ఒక్కో ఛానెల్‌కి శుభ్రమైన సైన్ వేవ్‌గా సిద్ధాంతం ప్రకారం వచ్చే గరిష్ఠ పవరు 14.4 వర్గాన్ని 8తో భాగిస్తే ఎంతో అంత, అంటే 26 వాట్ల లోపు. ఐసీలో పోయే వోల్టేజీ తీసేస్తే ఇరవై దరిదాపుల్లో. మరి ఆ 50 ఎక్కణ్ణుంచి వచ్చింది? అదే 14.4 వర్గాన్ని 4తో భాగించండి, 51.8 వస్తుంది. అంటే శబ్దం తలలు తెగిపోయి పూర్తిగా చతురస్రాకారపు వేవ్ అయిపోయినప్పటి లెక్క అది. పాట కాదు, గరగర. ఓమ్ సూత్రం ఇంటర్ కుర్రాడికీ తెలుసు. అయినా ఆ అంకె డబ్బాల మీద దర్జాగా ఉంటుంది. అమెరికాలో ఇంటి ఆంప్లిఫయర్ల వాట్లు ఎలా చెప్పాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1974లోనే రూలు పెట్టింది. మనం ఇంకా బ్రోచరులో స్పీకర్ల సంఖ్య చూసి చప్పట్లు కొడుతున్నాం.

ఇక అసలు దొంగ తలుపు. స్పీకరు ముందుకి ఎంత గాలి తోస్తుందో వెనక్కీ అంతే తోస్తుంది, అయితే తిరగబడి. ముందు గాలీ వెనక గాలీ కలిస్తే బేస్ ఒకదాన్నొకటి తినేస్తాయి. అందుకే స్పీకర్లకి పెట్టె కావాలి. కారు తలుపు పెట్టె కాదండీ, బొక్కలున్న రేకు డబ్బా. పైగా తనే అదురుతుంది. పాలెం బస్టాండులో షేర్ ఆటో వెనక చూడండి. ప్లైవుడ్డుతో పెట్టె కొట్టించి, అంచులకి ఫెవికాల్ పూసి, అందులో కోడిగుడ్డు ఆకారం స్పీకర్లు రెండు బిగించి ఉంటాయి. ఆ పాటల ఎంపిక మీద నాకు అభ్యంతరాలున్నాయి (సౌండు ఎంత పెట్టాలన్న దాని మీద ఇంకా ఎక్కువ), కానీ స్పీకరుకి పెట్టె కావాలన్న సంగతి ఆ ఆటో అన్నకు తెలుసు. పద్నాలుగు లక్షల కారు చేసినవాళ్ళకి తెలియదా? తెలుసు. రేకుకి అంటించే బ్యుటైల్ షీటు ఖర్చు, బరువు మిగుల్చుకున్నారు, అంతే.

సరే, రేకుకి డబ్బు ఖర్చవుతుంది, ఒప్పుకుంటాను. కానీ రూపాయి కూడా ఖర్చు కాని దాని సంగతేంటి? సాఫ్ట్‌వేర్ వాళ్ళం కాబట్టి ఇది మనకి బాగా అర్థమవుతుంది. మన దేశంలో డ్రైవరు కుడిపక్క కూర్చుంటాడు. మా కారులో టేపు పెట్టి కొలిచాను, కుడి తలుపు స్పీకరుకన్నా ఎడమ తలుపు స్పీకరు నా చెవికి దాదాపు 60 సెంటీమీటర్లు ఎక్కువ దూరం. శబ్దం సెకనుకి 343 మీటర్లు వెళ్తుంది. అంటే ఎడమ శబ్దం 1.75 మిల్లీసెకన్లు ఆలస్యంగా వస్తుంది. నాన్న కూర్చున్న వైపు ఇదే తిరగబడుతుంది. ఇప్పుడు ఘంటసాల పాట చూడండి. అది మోనో రికార్డింగు, రెండు పక్కలా ఒకటే శబ్దం. 60 సెంటీమీటర్ల తేడాకి సుమారు 285 హెర్ట్జ్ దగ్గర రెండూ ఎదురెదురై కొట్టుకుని అక్కడో గొయ్యి పడుతుంది. దానికి మూడు రెట్ల దగ్గర, 857 దగ్గర, ఇంకోటి. మగవాడి గొంతులోని నిండుతనం ఉండే చోటు సరిగ్గా అదే. నాన్న చెప్పింది గుర్తుందా? మాట వినపడతంది గానీ గొంతు వినపడటంలా. ముప్పయ్యేళ్ళ చెవి లెక్క కట్టకుండానే చెప్పేసింది.

దీనికి మందు ఏమిటి? దగ్గరి స్పీకరుని 1.75 మిల్లీసెకన్లు ఆపడం. 48,000 శాంప్లింగ్ రేటులో 84 శాంపిళ్ళు. అంటే 84 అంకెల ఒక అరే! మొదటి సంవత్సరం కుర్రాడికి క్యూ నేర్పేటప్పుడు ఇచ్చే లెక్క. మ్యాపులు, వాయిస్ అసిస్టెంటు, గాల్లోంచి అప్‌డేట్లు నడిపే ప్రాసెసర్‌కి 84 అంకెలు బరువా? సీటుని బట్టి ఆ ఆలస్యం ఎంచుకునే మెనూ నా కారులో లేదు. ఉన్నదల్లా బేస్, ట్రెబుల్, ఇంకా "రాక్, పాప్, జాజ్". పాలెంలో జాజ్ ఎవరు వింటారు స్వామీ? పైగా ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే బేసూ ట్రెబులూ ఎత్తి, మధ్యది అణిచి పెట్టారు. టెస్ట్ డ్రైవులో కొత్త పాట ఒకటి ధనధనమని మోగితే మనం బుక్ చేసేస్తాం కదా, అందుకు.

చేయడం చేతకాదని కాదు. అమర్ బోస్ కంపెనీ జనరల్ మోటార్స్‌తో కలిసి 1983 మోడళ్ళకే, ఏ కారు లోపలి కొలతలకి తగ్గట్టు ఆ కారుకి సౌండు సర్ది ఫ్యాక్టరీలోనే బిగించి ఇచ్చింది. నలభయ్యేళ్ళు దాటింది. మన పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి 2019లో వచ్చిన సెల్టోస్‌లోనూ పై వేరియంట్లలో ఎనిమిది స్పీకర్ల బోస్ ఉంది. విద్య ఉంది, మనుషులున్నారు, మన రాష్ట్రంలోనే బిగిస్తున్నారు. అయితే మంచి శబ్దం కావాలంటే అక్కర్లేని సన్‌రూఫూ, రంగుల లైట్లూ అన్నీ కలిపి కొనాలి. మే నెలలో పాలెం ఎండలో సన్‌రూఫ్ తీసి చూడండి, నడినెత్తి మీద అప్పడాలు కాల్చుకోవచ్చు.

"కారు పోవడానికి, పాటలకి ఇయర్‌ఫోన్లు లేవా" అన్నాడు మా టీమ్‌లో ఒకాయన. డ్రైవింగులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే ఫైను కడతావా బాబూ? ఇంకొకాయన "బ్లూటూత్ వల్లే" అన్నాడు. బ్లూటూత్ కొంత తింటుంది నిజమే. కేబుల్ పెట్టి చూశాను, చెక్కిలాల చప్పుడు కాస్త తగ్గింది, గొయ్యి అలాగే ఉంది. రోడ్డు శబ్దం ఉంటుందిగా అన్నారు. ఇంటి ముందు ఇంజన్ ఆపి విన్నాను. చిత్రమేమిటంటే ఇదే కారులో 80 దాటితే వచ్చే బీప్ మాత్రం ఎక్కడున్నా చక్కగా, స్పష్టంగా, గొంతుతో సహా వినపడుతుంది! 2019 జూలై నుంచి ఆ బీప్ చట్టం కదా. చట్టం ఉన్న శబ్దానికి శ్రద్ధ ఉంది.

మన తప్పు లేదా అంటే చాలా ఉంది. మనమే కదా ఆఫీసు కాఫీ మెషీను దగ్గర కార్లని ఎక్సెల్ షీటులో పోల్చేది? స్క్రీను ఎన్ని అంగుళాలు, ఎయిర్‌బ్యాగులు ఎన్ని, స్పీకర్లు ఎన్ని. అంకె పెద్దదైతే సెల్ పచ్చగా చేస్తాం. రోజంతా మనం చేసే పనే అది. "సౌండు వస్తోంది: పాస్" అని రాసి టిక్కెట్టు మూసేస్తాం. ఎలా వస్తోంది అనే కాలమ్ ఏ టెస్ట్ కేసులోనూ ఉండదు. నేను షోరూములో పదిహేను నిమిషాలు ఉండి రంగు ఎంచుకున్నాను. నాన్నకిష్టమైన ఒక్క పాట పెట్టి వినలేదు.

పోనీ మనమే మార్చుకుందామా? ఒకప్పుడు డెక్కు అంటే ఒక కొలత, రెండు స్క్రూలు. నాన్న పావుగంటలో పీకి కొత్తది పెట్టేవాడు. ఇప్పుడు ఆ స్క్రీనులోనే ఏసీ, రివర్స్ కెమెరా, స్టీరింగు బటన్లు అన్నీ ఇరికించారు. దాన్ని పీకితే కారు సగం గుడ్డిదవుతుంది. స్పీకర్లు మారుస్తానంటే సర్వీస్ సెంటరులో కుర్రాడు నవ్వుతూ "సార్, వైరు ముట్టుకుంటే ఎలక్ట్రికల్ వారంటీ పోతుంది" అన్నాడు. వైరు కొయ్యకుండా కప్లర్లతో చేయొచ్చు కదా అంటే, "అదైనా సార్" అన్నాడు. కాగితం మీద రాసివ్వమన్నాను. రాసివ్వలేదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు కోసం కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలు, ఫోన్లతో పాటు వాహనాలనీ అందులో చేర్చింది. ఆ కమిటీ పేరు చెబితే కుర్రాడు మేనేజర్ని పిలిచాడు. మేనేజరు నాకు కాఫీ ఇప్పించాడు.

నేను అడిగేది బోసూ కాదు, పన్నెండు స్పీకర్లూ కాదు. ఆ 84 అంకెలు అన్ని వేరియంట్లలోనూ ఇవ్వండి. ఎంత గరగర దగ్గర ఎన్ని వాట్లో బ్రోచరులో రాయండి. కప్లరు పెట్టినంత మాత్రాన వారంటీ పోతుందో లేదో కాగితం మీద తేల్చండి. ఇంతే.

కాఫీ తాగి వచ్చేశాను. రెండు నెలలు చూసి, బ్యుటైల్ షీట్లు, కప్లర్లు, ముందు తలుపులకి ఒక జత మంచి స్పీకర్లు, ఆలస్యం సర్దే చిన్న డబ్బా ఒకటి కొన్నాను. వెరసి ఓ నెల ఈఎంఐకి పైనే అయింది. నాన్నకి ఫోన్ చేస్తే "తలుపు నేనిప్పుతాలే, నువ్వు ముట్టుకోబాక, క్లిప్పులు ఇరగ్గొడతావు" అన్నాడు. గొంతులో హుషారు. ఉగాదికి వెళ్తున్నాను. సామానంతా డిక్కీలో ఉంది. వారంటీ సంగతి మాత్రం ఆయనకి చెప్పలేదు.