ఓ నెల ఆగితే పోయేదేముంది?

కొత్త ఫోన్ చేతికొచ్చిన రెండు రోజులకే ‘వేడెక్కుతోంది’, ‘చార్జింగ్ నిలవట్లేదు’ అంటూ తీర్పులు మొదలవుతాయి. 2023 సెప్టెంబర్ 22న వచ్చిన ఐఫోన్ 15 ప్రో విషయంలో జరిగిందిదే. టైటానియం ఫ్రేమే కారణమని చాలామంది తేల్చేశారు. యాపిల్ మాత్రం ఐఓఎస్ 17లోని బగ్, ఇన్‌స్టాగ్రామ్ లాంటి కొన్ని యాప్‌ల వల్లేనంటూ అక్టోబర్ 4న 17.0.3 అప్‌డేట్ ఇచ్చింది. అసలు ఏ ఫోనైనా మొదటి కొన్ని రోజులు పాత డేటా దించుకుంటూ, ఫొటోలు సర్దుకుంటూ లోపల చాకిరీ చేస్తూనే ఉంటుంది. వేడెక్కక ఏం చేస్తుంది!

గెలాక్సీ నోట్ 7 కథ ఇందుకు పూర్తిగా రివర్స్. 2016 ఆగస్టు 19న అమెరికా, దక్షిణ కొరియాల్లో అమ్మకాలు మొదలైనప్పుడు పొగడ్తలే పొగడ్తలు. రెండు వారాలకే, బ్యాటరీలు కాలిపోతున్నాయని రీకాల్. మార్చి ఇచ్చిన ఫోన్లూ కాలడంతో అక్టోబర్‌లో తయారీయే ఆపేశారు.

మొదటి జీతంతో, అదీ ఈఎంఐలో కొనేవాళ్లకు నేను చెప్పేదొకటే: ప్రీబుకింగ్ ఆఫర్ పోతే పోనీ, నెల ఆగండి. ఒకట్రెండు అప్‌డేట్లు వచ్చాక వాడుతున్నవాళ్లు ఏమంటున్నారో చూడండి. స్క్రీన్, బరువు, చేతిలో పట్టు గురించైతే తొలిరోజు మాటే నమ్మొచ్చు. బ్యాటరీ, వేడి గురించి మాత్రం వద్దు.