సంగీత పాఠమా?

చిత్రమునకు పేరు పెట్టుటయు నొక వ్యాఖ్యానమే. హాలెండు దేశములోని డెల్ఫ్ట్ నగరవాసి యోహన్నెస్ వెర్మీర్ (1632–1675) 1660 దశకపు తొలి యేండ్లలో రచించిన యొక చిత్రమును లోకము సాధారణముగా ‘సంగీత పాఠము’ అని పిలుచుచున్నది. ఈ పేరు చిత్రకారుడు పెట్టినది కాదు. 1696లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అది వేలమునకు వచ్చినప్పుడు జాబితా వ్రాసినవాడు గదిలో వాద్యము వాయించు యువతిని, వినుచున్న పెద్దమనిషిని మాత్రమే పేర్కొనెను. గురువనలేదు, శిష్యురాలనలేదు. 1762లో మూడవ జార్జి రాజు దానిని కొన్నప్పుడు కర్త పేరే తప్పు. అది ఫ్రాన్స్ ఫాన్ మియెరిస్ రచన యని నమ్మిరి. పేరును బట్టి చిత్రమును చదువువారు ఈ చరిత్రను గుర్తుంచుకొనవలెను.

చిత్రములో నేమున్నది? ఎడమవైపు కిటికీల వెలుతురు. ముందు రంగురంగుల తివాచీ కప్పిన బల్ల, దానిపై తెల్లని కూజా. గది చివర నొక యువతి మనకు వీపు చేసి నిలిచి వర్జినల్ అను మీటల వాద్యమును వాయించుచున్నది. ప్రక్కన పురుషుడు నిలిచియున్నాడు. సంగీతము సంతోషమునకు తోడు, దుఃఖమునకు మందు అను నర్థముగల లాటిన్ వాక్యము వాద్యపు మూతపై నున్నది. నేలమీద, ఎవరును ముట్టని వయొలా ద గాంబా యొకటి పడియున్నది.

పండితుల దృష్టి యీ వాద్యముమీదనే. యాకబ్ కాట్స్ అను డచ్చి కవి 1618 నాటి తన సంకేతచిత్రముల గ్రంథములో, ఒక ల్యూటును మీటగా ప్రక్కనున్న మరియొక ల్యూటు తానుగా స్పందించుటను ప్రేమకు గుర్తుగా చూపెను. కావున నేలమీది వాద్యము ప్రియుని హృదయమనిరి. ఊహ రమ్యమే. కాని సంగీతమెఱిగిన యింటిలో వాద్యము నేలమీద నుండుటకు, ఇప్పుడే వాయించి దించుట యను కారణము చాలదా? తరగతిలో ఈ వస్తువున కీ యర్థము అని పట్టిక వ్రాయించినచో విద్యార్థి పట్టికను వల్లించును, చిత్రమును చూడడు. వెలుగు కోరువాడు దీపశిఖను కాపాడుకొనునట్లు వ్యంగ్యమును కోరువాడు వాచ్యమును ఆదరింపవలెనని ధ్వని సిద్ధాంతకర్త యైన ఆనందవర్ధనుడే చెప్పియున్నాడు.

ఇందలి వాచ్యము గోడమీది అద్దములో నున్నది. వెనుకనుండి చూడగా యువతి మీటలవైపే తల వంచినట్లుండును. అద్దములోని ముఖము మాత్రము పురుషునివైపు కొంచెము తిరిగియున్నది. పాఠము నేర్చుకొనుచున్నదో, తన వాద్యము విన్నవాని మనస్సు కనిపెట్టుచున్నదో తేల్చవలసినది ఆ చిన్న మలుపే. నేలమీది వాద్యము లేకున్నను ఈ చిత్రము నిలుచును. అద్దము లేకున్న నిలువదు.

ఆ యద్దములోనే, పైభాగమున, చిత్రకారుని ఫలకపు ఆధారము కొంత కనబడును. వినువా డొక్కడే యని వ్రాసిన వేలము గుమాస్తాకు ఈ రెండవవాడు కనబడలేదు కాబోలు.