గురువుల పట్టములు: పరీక్ష అపచారమా?

కళాశాలలలో బోధించువారి పట్టములను పరీక్షింపవలెననగానే మనలో ననేకులు నొసలు చిట్లింతురు. గురువును శంకించుట అపచారమట! వినుటకు వినయమువలె నున్న ఈ మాట చాటుననే వంచన పెరుగుచున్నది.

ఏడవ శతాబ్దిలో మనదేశమునకు వచ్చిన హ్యూన్‌త్సాంగ్, నలందా విహారమున ద్వారపాలకుడే క్రొత్తవారిని కఠినప్రశ్నలతో పరీక్షించెడివాడనియు, పదింట ఏడెనిమిదిమంది వెనుదిరిగెడివారనియు వ్రాసినాడు. నలందలో చదివితిమని బొంకి సత్కారములు పొందువారును ఉండిరని ఆతడే చెప్పినాడు. కావున దొంగపట్టము నేటి వింత కాదు. వాకిట కావలివాడు లేకపోవుటయే నేటి వింత.

2018 జనవరిలో కేంద్ర మానవవనరుల మంత్రి, ఆధార్ సంఖ్యలను పోల్చిచూడగా సుమారు 80,000 మంది ఉపాధ్యాయులు ఒకటికంటె నెక్కువ చోట్ల కొలువున్నట్లు తేలినదని ప్రకటించెను. 2024లో తమిళనాట అణ్ణా విశ్వవిద్యాలయమునకు అనుబంధమైన ఇంజనీరింగు కళాశాలలలో ఇట్టివారు మూడువందలకు పైగా బయటపడిరి. వీరిలో పలువురి పట్టములు నిజమైనవే కావచ్చును, కొలువే అబద్ధము. పెండ్లిండ్లలో అరువునగలు పెట్టుకొనుట ఎరుగుదుము గాని, తనిఖీనాటికి అరువుగురువులను తెచ్చుకొనుట ఈ కాలముననే చూచితిమి.

ఇక పట్టమే దొంగదైనచో? 1956 నాటి యూనివర్సిటీ గ్రాంట్సు కమిషను చట్టము, అధికారము లేక పట్టములిచ్చువారికి విధించిన జరిమానా వేయి రూపాయలకు మించదు. ఒక్క పట్టము వెల అంతకంటె నెక్కువ యుండును గదా!

మేము బడిలో గుణింతములు దిద్దించువారము. ఉద్యోగమున చేరునాడు, పదవతరగతి పత్రమున తండ్రిపేరులో ఒక యక్షరము తేడా వచ్చెనని మూడు నెలలు కచేరీల చుట్టు తిరిగితిమి. నాడు విసిగితిమి, నేడు ఆ విసుగు లేదు. పసిపిల్లల పంతులుకే ఇంత పరీక్ష కావలసినపుడు, వైద్యులను ఇంజనీర్లను తయారుచేయువారికి అక్కరలేదా?

చేయవలసినది కష్టమును కాదు. అభ్యర్థి తెచ్చిన నకలును నమ్మక, పట్టమిచ్చిన విశ్వవిద్యాలయమునే నేరుగ అడిగి జవాబు తెప్పించుకొనవలెను. అదియు ఉద్యోగమిచ్చిన పిదప కాదు, ఇయ్యకమునుపే. డాక్టరు పట్టమునకై వ్రాసిన పరిశోధనగ్రంథములు శోధగంగ యను భాండాగారమున లక్షలుగ, ఎవరైనను చదువ వీలుగ నున్నవి. ప్రతి ఉపాధ్యాయుని పేరుచెంత ఆతని గ్రంథము పేరును కళాశాల ప్రకటించినచో, వ్రాసినవారెవరో ఎత్తివ్రాసినవారెవరో చదువరులే తేల్తురు. నిజముగ చదివినవారు దీనికి వెరవరు. ఏండ్లతరబడి నిద్రకాచి శ్రమించినవాని ప్రక్కన, పట్టము కొనితెచ్చుకొన్నవాడు అదే జీతమునకు కూర్చుండుట కంటె గురువునకు వేరు అపచారమేమున్నది?

మొన్న మా మేనకోడలిని చేర్పించుటకు ఒక కళాశాలకు పోయితిమి. వసతిగృహము, భోజనశాల, బస్సులు అన్నియు చూపిరి. ఉపాధ్యాయుల పేర్లును పట్టములును చూపుడని యడిగితిమి. గుమాస్తా క్షణకాలము మా మొగము చూచి, “ఇంతవరకు ఎవరూ అడగలేదండీ” అనెను. మా బావగారు మా ఉత్తరీయము లాగి, “మనకెందుకు బావా, సీటు పోగలదు” అని చెవిలో చెప్పిరి.